ఇనుప కొండ కింద సముద్రపు పువ్వులు

ఎనభయ్యో దశకం మధ్యలో నేను కిరండూల్ గనుల ప్రయోగశాలలో సీనియర్ కెమిస్టుగా పనిచేస్తున్నాను. కొండ మీద తవ్విన ఇనుప ఖనిజం కన్వేయరు పట్టా మీద కిందికి దిగి, వ్యాగన్లలో పడి, విశాఖపట్నం రేవుకు పోయేది. ఆ వ్యాగన్ల వరుస మొత్తాన్ని మేము రేక్ అంటాం. ప్రతి రేక్ నుంచి తీసిన నమూనాను దంచి, కుప్పపోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండే ఉంచుకుంటాం. మళ్లీ దంచుతాం, మళ్లీ నాలుగు చేస్తాం. బండెడు రాయి చివరికి చిటికెడు పొడి అవుతుంది. దాన్ని ఆమ్లంలో కరిగించి అందులో ఇనుము పాలెంతో తేలుస్తాం. ఆ అంకె కింద సంతకం మాది. రేవులో ఓడ నింపేవాళ్లు ఆ సంతకం చూసే నింపుతారు. అందువల్ల మా దగ్గర ఒక నియమం ఉండేది: చీటీ కట్టని నమూనా బల్ల మీదికి రాకూడదు.

ఒక ఏప్రిల్ ఉదయం ఆ బల్ల మీదికి ఆవకాయ జాడీ ఒకటి వచ్చింది. తెచ్చినావిడ సత్యవతిగారు, బ్లాస్టింగ్ ఆఫీసరు అప్పలనాయుడుగారి భార్య. నాయుడుగారు హోదాలో నాకంటే ఒక మెట్టు పైన. అలాంటి అధికారి భార్య గేటు దగ్గర పాసు రాయించుకుని, ఎండలో జాడీ మోసుకుంటూ లేబరేటరీకి రావడం అంతకు ముందెప్పుడూ జరగలేదు. జాడీలో ఆవకాయ లేదు. నీళ్లున్నాయి.

"విమలగారూ, ఈ నీళ్లలో ఏటుందో కాస్త చూసి పెట్టండి," అన్నారావిడ. "అవి ముడుచుకుపోయాయి. ఈయన కూడా ముడుచుకుపోతన్నారు."

అవి అంటే ఏమిటో కాలనీలో అందరికీ తెలుసు. పాఠకులకు మాత్రం చెప్పాలి.

నాయుడుగారిది శ్రీకాకుళం వైపు. ఉద్యోగమంతా పేలుళ్లతోనే గడిచింది. కొండను మెట్లుమెట్లుగా కోసిన చోటును గనిలో బెంచి అంటారు. బెంచి మీద వరసగా రంధ్రాలు తొలిచి, మందు కూరి, మనుషుల్ని దూరం పంపించి, సైరన్ మోగించి పేల్చడం ఆయన పని. ఏళ్లు గడిచేసరికి చెవులు మందగించాయి. మెడికల్ బోర్డు ఆయన్ని బెంచి ఎక్కకూడదంది. అప్పుడాయన్ని మేగజైన్‌కు వేశారు. మేగజైన్ అంటే పేలుడు పదార్థాలు దాచే గోదాం. లోపలికి వచ్చిన ప్రతి పేలుడు కడ్డీకీ, బయటికి వెళ్లిన ప్రతి కడ్డీకీ లెక్క చూసుకుంటూ కూర్చోవాలి. కొండ మీద నిలబడి అంతమందిని శాసించిన మనిషికి అది కుర్చీ కాదు, శిక్ష. తనకు వినపడదు కనుక ఆయన అరిచి మాట్లాడేవారు. అరుపులకు భయపడి జనం రావడం మానేశారు. ముందుగానే రిటైర్మెంటు తీసుకుంటానని ఇంట్లో అనడం మొదలుపెట్టారట.

ఆ రోజుల్లో ఆయన చెవి డాక్టరు కోసం విశాఖపట్నం వెళ్లారు. డాక్టరు సాయంత్రం రమ్మంటే ఊసుపోక సముద్రం ఒడ్డున రాళ్ల మీద తిరిగారు. ఆటు సమయం. రాళ్ల సందుల్లో నిలిచిన నీళ్లలో చేమంతిపువ్వుల్లాంటివి కనిపించాయి. వేలు పెడితే ముడుచుకున్నాయి. ఇంగ్లీషులో వాటిని సీ అనెమొనీ అంటారు, మనం సముద్రపు పువ్వు అనుకుందాం. పువ్వు కాదు, జంతువు. అడుగుభాగంతో రాయిని కరుచుకుని ఉంటుంది. పైన రేకుల్లా కనిపించేవి చేతులు. మధ్యలో నోరు. తినడానికీ, తిన్నది పారేయడానికీ ఆ ఒక్క ద్వారమే. నాయుడుగారు రాళ్లతో సహా మూడింటిని టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని రైలెక్కారు. క్యారియర్‌లో అన్నం ఏమైందని సత్యవతిగారు అడిగితే, చేపలకు వేశానన్నారట.

ఇంటికి తెచ్చాక ఆయన వాటిని మందు కూరినంత శ్రద్ధగా చూసుకున్నారు. వర్క్‌షాపు మిత్రులు అద్దాల తొట్టెకు ఇనుప చట్రం చేసిస్తామంటే వద్దన్నారు. ఉప్పునీళ్లకు ఇనుము ఆగదు. ఊరంతా ఇనుమే అయిన చోట ఆ తొట్టెకు మాత్రం టేకు చట్రం వచ్చింది. లోపల గాలి బుడగలకు చిన్న పంపు, అడుగున గవ్వల పొడి కలిసిన ఇసుక. వారానికోసారి చిటికెన వేలి గోరంత రొయ్య ముక్క, ఒక్కొక్కదానికి ఒక్కటే. తినకుండా వదిలేసింది కుళ్లకముందే తీసేయాలి. మిగతా మనుషులు కుక్కలకు పేర్లు పెట్టినట్టు ఆయన వీటికి పేర్లు పెట్టారు: జెలటిన్, ఫ్యూజు, డిటొనేటర్. జెలటిన్ అంటే మేము వాడే పేలుడు కడ్డీ, మిగతా రెండూ దాన్ని పేల్చే సామాను. దాని పేరు పొందిన జంతువు అన్నింటికంటే లావుది, మెత్తనిది.

నీళ్లు మాత్రం సముద్రం నుంచే రావాలి. దానికి రైల్వే వాళ్లు సాయం చేశారు. ఖాళీ రేక్ విశాఖ నుంచి తిరిగి వచ్చేటప్పుడు చివరి బ్రేక్ వ్యాన్‌లో సముద్రపు నీళ్ల క్యాన్లు పెట్టించేవాడు గార్డు దానియేలు. భీమిలి మనిషి. దారిలో గార్డులు మారతారు, క్యాన్లు మారవు. ఒక గార్డు ఇంకో గార్డుకు జెండాలతో పాటు క్యాన్లను కూడా అప్పగించేవాడు. మధ్యలో ఎవరైనా ఇదేమిటని అడిగితే, "సముద్రం, కిరండూల్ పోతంది," అని చెప్పుకునేవారట. కొండ రేవుకు దిగుతుంటే సముద్రం కొండకు ఎక్కేది.

చూడటానికి కాలనీ పిల్లలు వచ్చారు, తర్వాత వాళ్ల తల్లిదండ్రులు వచ్చారు. నాయుడుగారు మనుషుల్లో పడ్డారు. ఇప్పుడు అవి మూడూ ఎండు ఉసిరికాయల్లా అయిపోయాయి, ఆయన మళ్లీ గోడవైపు తిరిగి కూర్చున్నారు. సత్యవతిగారు జాడీ తెచ్చింది అందుకు.

నేను జాడీ తీసుకున్నాను. మా సూపరింటెండెంటు ఠాకూర్ సాబ్ అప్పుడే లోపలికి వచ్చారు. రాయపూర్ మనిషి, నియమాల మనిషి. జాడీ చూసి చీటీ ఏదన్నారు. రాస్తున్నానన్నాను.

"మెటీరియల్ క్యా హై?"

"సముందర్, సర్."

ఆయన జాడీ మూత తీసి వాసన చూశారు. రేక్ నమూనా పూర్తయ్యాక చేసుకోమనీ, చీటీ మాత్రం కట్టమనీ చెప్పి వెళ్లిపోయారు. దోర్నపాల్ నుంచి వచ్చిన మా అటెండరు రామయ్య చీటీ కడుతూ, "ఏంది మేడం, ఇన్నాళ్లూ రాళ్లు కరగదీసినం, ఇప్పుడు నీళ్లు కరగదీస్తమా?" అన్నాడు.

ముందుగా ఇనుము చూశాను. కిరండూల్‌లో ఏ వస్తువు పాడైనా ఎర్రదుమ్మునే అంటారు. బట్టలు, ఊపిరి, రేడియో, అన్నిటికీ అదే ముద్దాయి. దుమ్ము తొట్టెలో పడి ఉంటుందని నేనూ అనుకున్నాను. నీళ్లలో ఇనుము లెక్కలోకి వచ్చేంత లేదు. ముద్దాయి నిర్దోషి.

తర్వాత ఉప్పు చూశాను. దానికి సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని బ్యూరెట్ అనే సన్నని గాజు గొట్టంలోంచి చుక్కచుక్కగా వదలాలి. ఉప్పు ఉన్నంతసేపూ తెల్లగా విరుగుతుంది. ఉప్పు అయిపోగానే నీళ్లకు ఇటుక రంగు తిరుగుతుంది. ఆ రంగు కోసం చూస్తున్నాను. సముద్రపు నీళ్లకైనా ఒక బ్యూరెట్ చాలాలి. అది ఖాళీ అయింది, రంగు రాలేదు. మళ్లీ నింపాను. ఠాకూర్ సాబ్ నా భుజం మీదుగా చూసి, "విమలాజీ, యే దరియా హై యా అచార్?" అన్నారు. ఇది సముద్రమా, ఊరగాయా అని నాకూ అదే అనుమానం. జాడీలో ఆవకాయ ఉప్పు మిగిలి ఉండవచ్చు. చెడ్డ నమూనాతో మంచి ఫలితం రాదు. మా సీసా తీసుకుని ఆ సాయంత్రం నేనే నాయుడుగారి ఇంటికి వెళ్లాను.

అదే మొదటిసారి తొట్టెను దగ్గరగా చూడటం. మూడూ రాతికి అంటుకుని నల్లగా ఉన్నాయి. నాయుడుగారు నన్ను చూసి, "ఇవి పలకట్లేదమ్మా," అని వీధి చివరికి వినిపించేలా చెప్పారు. మధ్యాహ్నం కొండ మీద పేలుడు జరిగినప్పుడు నేల సన్నగా అదిరేదట. ఆ అదురుకు ఇవి చేతులు ముడిచేవట. చెవికి అందని పేలుడు ఆయనకు అలా కంటికి అందేది. ఎంత ముడిచాయో చూసి ఆ రోజు పని ఎలా జరిగిందో ఊహించుకునేవారు. ఇప్పుడు అవి ఎప్పుడూ ముడుచుకునే ఉన్నాయి కనుక ఆయనకు కొండ నుంచి ఏ కబురూ లేదు.

రొయ్యల గురించి అడిగాను, పంపు గురించి అడిగాను, కాగితం మీద రాసి చూపించాను. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. తొట్టెలో నీళ్లు తగ్గితే ఏం చేస్తారని రాశాను.

"సముద్రం నీళ్లే పోస్తన్నానమ్మా. పంపు నీళ్లు ఒక్క చుక్క తగలనివ్వలేదు. ఆదివారం ఆదివారం దానియేలు పంపిస్తాడు, ఎంత తగ్గితే అంత పోస్తాను."

తీసుకొచ్చిన సీసాలోని నీళ్లూ జాడీలోని నీళ్లలాగే బ్యూరెట్‌ను ఖాళీ చేశాయి. ఇక సందేహం లేదు. ఎండల్లో తొట్టెలోంచి ఆవిరయ్యేది నీరు మాత్రమే. ఉప్పు ఎక్కడికీ పోదు. తగ్గిన చోటల్లా ఉప్పునీరే పోస్తూ ఉంటే వారం వారం ఉప్పు పేరుకుంటుంది. దానియేలు పంపిన ప్రతి క్యానూ ఆ జంతువుల మీద ఇంకో గుప్పెడు ఉప్పు చల్లింది.

ఇది నాయుడుగారికి చెప్పడం పరీక్ష చేయడం కంటే కష్టమైంది. ఆయన ఒప్పుకోలేదు. సముద్రంలో సముద్రం పోస్తే తప్పేటి అన్నారు. ఆ సముద్రం మాత్రం ఎండకు ఆవిరి కాదా, దానికెవరు మంచినీళ్లు పోస్తున్నారని అడిగారు. వానలూ నదులూ పోస్తున్నాయని రాశాను.

సత్యవతిగారు వంటింట్లోంచి గరిటెతో వచ్చి ఆయనకు వినపడేంత గట్టిగా అన్నారు: "పులుసు ఇగిరిపోతే నీళ్లు పోస్తాం గానీ మళ్లీ పులుసు పోస్తామేటండీ?"

నాయుడుగారు నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "అయితే ఏ నీళ్లు?" అన్నారు.

అది అసలు ప్రశ్న. కుళాయి నీళ్లలో క్లోరిన్ వేస్తారు, అది ఈ జంతువులకు పడదు. లేబరేటరీలో డిస్టిల్డ్ వాటర్ ఉంది, కానీ అది ఖనిజ పరీక్షకు మాత్రమే. ఠాకూర్ సాబ్‌ను అడగనైనా అడగలేదు. అడిగితే చీటీ కట్టమంటారు. క్లోరిన్ పోయేలా కుళాయి నీళ్లను ఎండలో నిలవబెట్టి కొద్దికొద్దిగా మొదలుపెట్టాం. ఒక్కసారిగా పోయకూడదు. ఉప్పుకు అలవాటుపడిన ఒళ్లు మంచినీటిని గబగబా పీల్చుకుని చెడిపోతుంది. చుక్కచుక్కగా పోసే ఉపాయం నాయుడుగారికే తట్టింది. ఆస్పత్రిలో నర్సమ్మను అడిగి సెలైన్ ఎక్కించే గొట్టం తెచ్చారు. బల్ల మీద స్టాండు, స్టాండుకు సీసా, సీసా నుంచి గొట్టం, గొట్టం చివర సముద్రం. చూడవచ్చిన పక్కింటి ఆవిడ పేషెంటుకు జ్వరం తగ్గిందా అని అడిగి వెళ్లింది.

ఫ్యూజు దక్కలేదు. ఒక ఉదయం రాతి నుంచి ఊడి జారిపోయింది. చచ్చినది తొట్టెలో ఉంటే మిగతా వాటినీ తీసుకుపోతుంది. నాయుడుగారు దాన్ని గరిటెతో తీసి పెరట్లో పూడ్చారు. ఆ రోజు ఆయన ఆఫీసుకు సెలవు పెట్టారని తర్వాత తెలిసింది.

జూన్‌లో వానలు దిగాయి. మా కొండల వాన తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మొదటి జల్లులు చెట్ల మీది, కప్పుల మీది ఎర్రదుమ్మును కడిగేస్తాయి, వాటిని వదిలేసి తర్వాతి వాన పట్టమన్నాను. పెరట్లో నాలుగు కర్రలకు తెల్లగుడ్డ కట్టి మధ్యలో గులకరాయి వేశారు. గుడ్డ కిందికి చూశాను. తళతళలాడే రాగి బిందె ఉంది.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి పరుగెత్తి బిందె బోర్లించాను. సత్యవతిగారు నివ్వెరపోయారు. మంచి నీళ్లంటే రాగి బిందెలోనే పట్టాలి, అందుకని చింతపండుతో తోమి మరీ పెట్టానన్నారు. మనుషులకు మంచిదే. ఈ జంతువులకు రాగి జాడ తగిలినా విషం. చింతపండుతో తోమిన రాగి మరీ ప్రమాదం. బిందె లోపలికి వెళ్లి, దాని స్థానంలో స్టీలు డ్రమ్ము వచ్చింది.

దానియేలు ఒకసారి కిరండూల్ వచ్చినప్పుడు, ఇక ప్రతి ఆదివారం క్యాన్లు వద్దనీ, నెలకోసారి కొంత నీరు మార్చడానికి పంపితే చాలనీ చెప్పాం. అతను కాస్త నొచ్చుకున్నాడు. "మా భీమిలి నీళ్లు పనికిరాకుండా పోయాయేటండీ?" అన్నాడు. మీ నీళ్లు మరీ పనికొచ్చాయి, అదే చిక్కు అని చెప్పాను.

బ్యూరెట్ ఒకసారి నింపితే సరిపోయే రోజు వచ్చాక డిటొనేటర్ ముందు తెరుచుకుంది. జెలటిన్ ఇంకా కొన్నాళ్లు ఆలస్యం చేసింది. తెరుచుకున్నాక మాత్రం తొట్టె అంతా నడవడం మొదలుపెట్టింది. అవును, ఇవి నడుస్తాయి. పొద్దున ఒక మూల, సాయంత్రం ఇంకో మూల. తర్వాత అది అద్దం మీద పాకుతూ రెండువైపులకీ సాగిపోయింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం రేక్ నమూనా చివరి దశలో ఉంది. నాయుడుగారు భోజనానికి ఇంటికెళ్లి, తిరిగి పనికి వెళ్లకుండా పాసు లేకుండా నేరుగా లేబరేటరీ గుమ్మంలోకి వచ్చారు. "విమలమ్మా, జెలటిన్ రెండయిపోయింది," అన్నారు. "నిన్న ఒకటే ఉంది. ఇప్పుడు చూస్తే రెండున్నాయి."

ఆయన మామూలుగా చెప్పిన మాటే గేటు దాటి వినిపిస్తుంది. సంతోషంలో చెప్పిన మాట ఇంకా దూరం వెళ్లింది. గేటు దగ్గర సెక్యూరిటీ జవాను హిందీ మనిషి, తెలుగులో అంకెలు మాత్రం బజారులో నేర్చుకున్నాడు. అతనికి ఆ వాక్యంలో రెండు మాటలు అర్థమయ్యాయి: జెలటిన్, రెండు. చెప్పింది మేగజైన్ అధికారి. ఫోన్ ఎత్తాడు.

మేగజైన్‌లో కడ్డీ తగ్గితే దొంగతనం. ఎక్కువైతే, అంతకు ముందెప్పుడో లెక్క తప్పిందని అర్థం. రెండింటికీ ఒకటే మర్యాద: గోదాముకు సీలు, అధికారికి సస్పెన్షను. చెవులు లేవని ఇప్పటికే పక్కన కూర్చోబెట్టిన మనిషి మీద అలాంటి మాట ఒకటి పడితే చాలు, ఇక ఎవరూ వెనకేసుకురారు. కాసేపట్లో సెక్యూరిటీ ఆఫీసరు, ఆయన వెనక గని మొత్తానికి బాధ్యుడైన మైన్స్ మేనేజరు జీపు దిగారు. అందరూ ఒకేసారి మాట్లాడారు. నాయుడుగారికి పెదవులు మాత్రం కనిపించాయి.

సెక్యూరిటీ ఆఫీసరు ఆయన చెవి దగ్గర గట్టిగా అడిగాడు: "జెలటిన్ కహాఁ హై?"

నాయుడుగారు నవ్వుతూ, "ఘర్ మే, సాబ్. డ్రాయింగ్ రూమ్ మే. ఆయియే, దిఖాతా హూఁ," అన్నారు.

పేలుడు కడ్డీలు ఇంట్లో ఉన్నాయన్న మాటకు మేనేజరుగారి ముఖంలో రంగు పోవడం నేను చూశాను. నేను హిందీలో విషయం చెప్పడానికి ప్రయత్నించాను. జంతువు అన్నాను, సముద్రం అన్నాను, పువ్వు అన్నాను. వింటున్న కొద్దీ సెక్యూరిటీ ఆఫీసరు నన్ను కూడా అనుమానంగా చూడసాగాడు. అప్పుడు ఠాకూర్ సాబ్ ముందుకొచ్చి, ఆ నమూనా మా లేబరేటరీలో చీటీ కట్టి పరీక్షించినదేననీ, తాను స్వయంగా వాసన చూశాననీ చెప్పారు. అందరం జీపెక్కాం.

నాయుడుగారి ఇంట్లో తొట్టె ముందు నిలబడ్డాం. జెలటిన్ నిజంగానే రెండయింది. మధ్యలో చీలి, రెండు ముక్కలూ వేర్వేరు పువ్వులుగా నిలబడ్డాయి. ఈ జంతువుల్లో కొన్ని ఇలాగే పెరుగుతాయి. సెక్యూరిటీ ఆఫీసరు ఒకటి, రెండు, మూడు అని వేలుపెట్టి లెక్కపెట్టాడు. మూడోది డిటొనేటర్ అని సత్యవతిగారు చెప్పబోతుంటే నేను ఆవిడ చెయ్యి నొక్కాను.

అంతలో కొండ మీద సైరన్ మోగింది. మధ్యాహ్నం పేలుడు. నేల అదిరింది. మూడూ చేతులు ముడుచుకుని బొత్తాల్లా అయిపోయాయి. నాయుడుగారు వంగి చూసి పెదవి విరిచారు.

"ఇవాళ సరిగా పగల్లేదు సార్," అన్నారు మేనేజరుగారితో, హిందీలో. "బలమంతా భూమిలోకి పోయింది. ముందు వరస రంధ్రాలు అంచుకు మరీ దూరంగా తొలిచారు. కింద రాతి మొదలు పగలకుండా మిగిలిపోయుంటుంది."

ఇందులో మాయ లేదు. రాయిని పగలగొట్టాల్సిన బలం దారి దొరక్క నేలను కుదిపితే అదురు ఎక్కువ, ముక్కలు తక్కువ. గనిలో పనిచేసిన ఎవరికైనా అది తెలుసు. మేనేజరుగారు ఆ ఇంటి ఫోన్ నుంచే కొండకు మాట్లాడారు. అవతలి జవాబు విని, ఫోన్ పెట్టేసి, "మొదలు మిగిలింది," అన్నారు. సత్యవతిగారు టీ తెచ్చారు. అందరూ కూర్చుని తాగారు.

నెల తిరక్కుండా నాయుడుగారిని మేగజైన్ నుంచి తీసి శిక్షణ కేంద్రానికి వేశారు. కొత్త బ్లాస్టర్లకు పాఠం చెప్పడానికి ఆ గొంతు సరిగ్గా సరిపోయింది. రిటైర్మెంటు మాట మళ్లీ ఎత్తలేదు, పూర్తి సర్వీసు చేసే దిగారు. సెక్యూరిటీ ఆఫీసరు మాత్రం సదరు జంతువుల పేర్లు తక్షణం మార్చవలసిందిగా లిఖితపూర్వకంగా ఆదేశమిచ్చాడు. నాయుడుగారు పాటించారు. రెండు ముక్కలకు సీత, గీత అనీ, డిటొనేటర్‌కు శాంతమ్మ అనీ పెట్టారు. తర్వాతి సంవత్సరాల్లో పుట్టినవాటిని అడిగినవాళ్లకు ఇచ్చారు. ఒకటి ఠాకూర్ సాబ్ ఇంటికి వెళ్లింది. ఆయన దాని గిన్నెకు చీటీ కట్టారని విన్నాను, చూడలేదు.

నేను ఆ లేబరేటరీకే చీఫ్ కెమిస్టునయ్యి రిటైరయ్యాను. ఈ ఉదంతం నా పనిలో ఒక పద్ధతి మార్చింది. నమూనాను పరీక్షిస్తే అందులో ఏమి ఉందో తెలుస్తుంది. అందులోంచి ఏమి వెళ్లిపోయిందో తెలియాలంటే అది వచ్చిన చోటికి పోయి అడగాలి. ఆ తర్వాత నా కింద పనిచేసిన ప్రతి కెమిస్టునూ, ఫలితం వింతగా వచ్చినప్పుడు, రెండోసారి పరీక్ష మొదలుపెట్టే ముందు కొండ మీదికి పంపాను. కొందరు విసుక్కున్నారు. పరీక్షలు తగ్గాయి.